చిన్నకోడలి ముక్కు

చేపలు కోసే షెడ్డు వెనక ఒక చిన్న గది. మధ్యలో కొళాయి బిగించిన స్టీలు డ్రమ్ము, దాని చుట్టూ తిరుగుతూ ఇద్దరు తోడికోడళ్ళు. ఒకరు కూర్చోరు, ఇంకొకరిని కూర్చోనివ్వరు.

"జలుబా? పొద్దున్నే మీ ఆయన మీద అరిచినప్పుడు గొంతు గంటలా మోగిందే!"

"గొంతుకి కాదక్కా, ముక్కుకే వచ్చింది."

"ముక్కు ఒక్కదానికే వచ్చిందా! ఏదీ, చీదు చూద్దాం."

"ఛీ, ఊరుకో అక్కా! ఆసుపత్రావిడ వచ్చే టైముకి చీదమంటావేంటి?"

"ఆవిడ వచ్చే టైమనే అడుగుతున్నాను తల్లీ. మూత తీసి ఒక్కసారి వాసన చూడు. అర నిమిషం పని."

"నిన్న చూశాను కదా. బాగుందన్నాను కదా."

"నిన్న నిన్నే, ఇవాళ ఇవాళే."

"మూత మాటిమాటికీ తీస్తే పాడైపోతుంది. నువ్వే అంటావు, గాలి తగిలితే తగ్గుతుందని."

"అన్నాను. ఒక్కసారి తీస్తే కొంపేమీ మునగదు. రా."

"వస్తానుండు, ఈ బల్ల తుడవనీ."

"ఆ బల్ల ఇప్పటికి నాలుగుసార్లు తుడిచావు. రంగు ఊడొచ్చేలా ఉంది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావేంటి ఇవాళ?"

"నువ్వు మాత్రం? నువ్వు తిరగట్లేదా? కళ్ళు చూసుకున్నావా అద్దంలో? మిరపకాయల్లా ఉన్నాయి."

"నిద్ర పట్టలేదు. పడుతుందా మరి? ఇవాళ ఆవిడ ఊ అంటే బతికాం, ఊహూ అంటే మీ బావగారు ఏం చెప్పారో విన్నావుగా. రేపట్నుంచి తోళ్ళూ ముళ్ళూ తలకాయలూ మళ్ళీ కోళ్ళమేత మిల్లుకే. ఈ గది ఐసుపెట్టెలకి. నేను కత్తి పట్టుకుని మళ్ళీ బల్ల దగ్గరికి."

"బావగారు ఊరికే అంటారక్కా."

"మీ బావగారు జీవితంలో ఊరికే అనే మాట ఒక్కటే, 'ఇదిగో వస్తున్నా' అని. మిగతావన్నీ చేసి చూపిస్తారు. రెండేళ్ళు ఓపిక పట్టారు పాపం. ఈ డ్రమ్ములోదాని కోసం ఎంత పొడి, ఎంత బొగ్గు, ఎంత గ్యాసు తగలేశానో ఆయనకే తెలుసు. నాకు మాత్రం ఇదొక్కటే కావాలే. పదేళ్ళప్పుడు కత్తి పట్టాను. ఇంతకాలం చేపని ముక్కలు చేయడమే తప్ప, నా చేత్తో ఒక్కటి తయారు చేసిన పాపాన పోలేదు. ఇదొక్కటే చేశాను."

"తెలుసక్కా."

"తెలిస్తే రా, వాసన చూడు."

"ఆవిడ ఏమడుగుతుందో, నువ్వేం చెప్పాలో ఒకసారి అనుకుందాం ముందు. నేను ఆసుపత్రావిణ్ణి. 'ఏమమ్మా, ఇదేంటి?'"

"ఇప్పుడా ఆటలు?"

"'ఇదేంటమ్మా' అంటున్నాను."

"ఇది... ఆరోగ్యానికి తాగే పానీయం అండీ. ఒంట్లో బలం లేనివాళ్ళకి, ఆపరేషన్ అయినవాళ్ళకి, నమల్లేని ముసలివాళ్ళకి."

"'దేంట్లోంచి తీశారు?'"

"చేపలోంచి."

"'చేపలో ఎక్కణ్ణుంచి?'"

"మిగిలిన దాంట్లోంచి."

"'మిగిలింది అంటే చెత్తేనా?'"

"చెత్తంటే ఊరుకోను! చేపలో సగం ఎవరి పళ్ళెంలోకీ వెళ్ళదు. ఆ తోల్లో, ఆ ముళ్ళ మధ్య ఉన్న బలం చూస్తే..."

"అలా కళ్ళెర్రజేసి చెప్పకు, పారిపోతుంది."

"సరే, నవ్వుతూ చెప్తాను. ఆట అయిందిగా, రా ఇక."

"అక్కా! గ్లాసులు! ఈ గ్లాసుల్లో ఇస్తావా ఆవిడకి? షెడ్డు గ్లాసులివి. మేడ మీద అత్తయ్య బీరువాలో మంచివి ఉన్నాయి, గాజువి. ఇవైతే వాసనొస్తాయి."

"వస్తున్నాయా?"

"ఆ?"

"వాసన వస్తోందా ఈ గ్లాసులకి?"

"అంటే... వస్తుందేమోనని."

"వస్తుందేమోనా! ఎప్పుడు నేర్చుకున్నావే ఆ మాట? ఇదివరకు నేను గుమ్మంలో ఉండగానే 'అక్కా, చేతులు సరిగ్గా కడుక్కోలేదు' అనేదానివి."

"తెస్తావా లేదా? నేను వెళ్తే అత్తయ్య వంద ప్రశ్నలు వేస్తుంది. నీకైతే బీరువా తాళం చేతికిస్తుంది."

"వెళ్తున్నాను. వచ్చేసరికి నువ్వా డ్రమ్ము మూత తీసి ఉండాలి."

పెద్దావిడ మెట్లెక్కిన చప్పుడు ఆగిందో లేదో, చిన్నావిడ ఒక గ్లాసు నింపి వెనక కిటికీ రెక్క తోసింది. గోడ అవతల కుట్టుమిషను ఆగింది.

"మాస్టారూ! టైలరు మాస్టారూ! ఒక్క నిమిషం!"

"ఎవరూ? చేపల చిన్నకోడలా? ముందా కిటికీ వెయ్యమ్మా, కంపుకి చచ్చిపోతున్నాం. పెళ్ళికొడుకు కోటు కుడుతున్నాను. ఆ కోటేసుకుని పీటలెక్కితే పిల్ల లేచి పోతుంది."

"అందుకే పిలిచాను మాస్టారూ. నాకు మీ ముక్కు కావాలి."

"ఏం కావాలి?"

"ముక్కు. అర నిమిషం అప్పివ్వండి చాలు."

"హవ్వ! నేను ఇన్నేళ్ళుగా వాసన బాబోయ్ అని మొత్తుకుంటుంటే, అంత ఇబ్బందైతే ముక్కు కోసుకోమన్నారు మీ బావగారు. వీధి మధ్యలో అన్నారు, నలుగురూ వినేలా. ఇవాళ అదే ముక్కు అప్పు కావాల్సొచ్చిందా?"

"తప్పే మాస్టారూ. కాళ్ళు పట్టుకుంటాను. ఈ వీధిలో మా మీద అర్జీలు పెట్టింది మీరొక్కరే. అంటే వాసన తెలిసేది మీకొక్కరికే. ఇదిగో, ఈ గ్లాసు. తాగొద్దు. వాసన వస్తోందో లేదో చెప్తే చాలు."

"చేతికి రాకముందే కొడుతోంది."

"నిజంగానా?"

"నిజంగానా అంటావేంటి! కళ్ళు మండుతుంటేనూ. ఇది ఒక చేప కాదమ్మా, చేపల ఊరు మొత్తం ఉంది ఇందులో."

"అయ్యో... దగ్గరగా చూడండి, అల్లం వాసనేమో. నిమ్మకాయ కూడా పిండుతుంది అక్క."

"అల్లమా! అల్లం ఏ మూలుందో నాకు తెలియదు. కంపు. కంపంటే కంపే. పారబోయి."

"అయిపోయింది. అయిపోయింది మాస్టారూ. నేనే చేశాను ఇదంతా."

"ఏడుస్తావేంటి? ఇదిగో, అమ్మాయ్, నేనేమన్నానని? ఎప్పుడూ అనేదే కదా అన్నాను!"

"ఎవరితోనే మాటలు? ఎవరు ఆ కిటికీలో?"

"అక్కా..."

"మాస్టారు! మీరా? మా కిటికీలో మీ తలకాయా? ఇవాళ ఏమైనా జరుగుతుంది."

"నేను రాలేదమ్మా, మీ చెల్లే పిలిచింది. పిలిచి, గ్లాసిచ్చి, ఏడుస్తోంది. నాకేమీ తెలీదు."

"గ్లాసులో ఏముంది? డ్రమ్ములోదా?"

"డ్రమ్ములోదేనంట. కంపు కొడుతోందన్నాను."

"కంపు కొడుతోందా? ఇది?"

"వీధి చివరికి కొడుతోంది."

"అలాగా! పోనీ ఇదిగో, ఈ గాజుగ్లాసు కూడా చూసి చెప్పండి మాస్టారూ. పెద్దవారు, మీ మాట మీదే ఉంటాం."

"ఇది... అబ్బబ్బబ్బ! ఇదింకా ఘోరం. దీంతో పోలిస్తే మొదటిదే నయం."

"ఇవి మంచినీళ్ళు మాస్టారూ. ఇప్పుడే కుండలోంచి ముంచుకొచ్చాను."

"ఏంటీ?"

"మంచినీళ్ళు. తాగండి, మీకు దాహంగా ఉన్నట్టుంది."

"మాస్టారూ? మీకు వాసన తెలీదా?"

"నెమ్మదిగా అను చిన్నమ్మాయ్. మా ఆవిడ వింటుంది."

"తెలీదా మీకు?"

"తెలిసేది. ఒకప్పుడు బ్రహ్మాండంగా తెలిసేది. ఎప్పుడు పోయిందో మాత్రం తెలీదు. ఓ రోజు నా పక్కనే పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లగా అయింది. మా ఆవిడొచ్చి తిట్టింది, మనిషివా బొమ్మవా అని. అప్పుడర్థమైంది."

"మరి ఆ అర్జీలు? ఆ కేకలు?"

"అలవాటమ్మా. పొద్దున మీ షట్టరు లేచిన చప్పుడు వినపడితే చాలు, నా ముక్కు దానంతటదే ముడుచుకుంటుంది. కొలతలకొచ్చినవాళ్ళు 'ఇదేం కంపు మాస్టారూ' అంటారు. అవునవును అంటాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే ఇంకేం మిగుల్తుంది నాకు, అరవడానికి? ఈ వీధిలో నా మాట పదిమంది వినేది అదొక్క విషయంలోనే. పెద్దకోడలమ్మా, మీ ఆయనతో మాత్రం..."

"చెప్పనులెండి. వెళ్ళి కోటు కుట్టుకోండి."

"అర్జీ మాత్రం వెనక్కి తీసుకోను."

"తీసుకోకండి. కిటికీ వేస్తున్నాను, వేళ్ళు తీయండి."

కిటికీ మూసుకుంది. అవతల మిషను మళ్ళీ మొదలైంది గానీ, నాలుగు కుట్లు పడి ఆగుతోంది, నాలుగు కుట్లు పడి ఆగుతోంది.

"ఊఁ. ఇప్పుడు చెప్పు. ఇంట్లో నీ ముక్కు ఉండగా పక్కింటి ముక్కు దేనికి?"

"ఊరికే. రెండో మాట కూడా ఉంటే మంచిదని."

"నా మొహం చూసి చెప్పు."

"గ్లాసులు ఇలా తే అక్కా, తుడుస్తాను."

"గ్లాసులు పారిపోవు. నా వైపు చూడు."

"పోయిందక్కా."

"ఏం పోయింది?"

"నా ముక్కు. చచ్చిపోయింది. మీ అందరి ముక్కుల్లాగే. తిట్టు. అలా చూడకు, తిట్టు."

"ఎప్పట్నుంచి?"

"తెలీదు. మాస్టారు చెప్పినట్టే, ఎప్పుడు పోయిందో తెలీదు. ఆమధ్య మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళానా, బస్సులో నా పక్కన కూర్చున్నావిడ లేచి నిలబడింది. దిగుతుందేమో అనుకున్నాను. దిగలేదు. సీటు అలాగే ఖాళీగా ఉంది, ఆవిడ కమ్మీ పట్టుకుని వేలాడుతూ నిలబడింది. అప్పుడు నా జుట్టు ముందుకు లాక్కుని వాసన చూసుకున్నాను. ఏమీ లేదక్కా. మామూలు జుట్టు. కొబ్బరినూనె వాసన కూడా లేదు."

"అప్పుడే చెప్పొచ్చుగా నాకు."

"ఎలా చెప్పను? ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఎలా ఉండేదాన్నో నీకు గుర్తులేదా? ముక్కుకి గుడ్డ కట్టుకుని అన్నం తినేదాన్ని, గుడ్డ ఎత్తి ముద్ద పెట్టుకుని మళ్ళీ దించేదాన్ని. అత్తయ్య 'మహారాణిగారికి పల్లకీ తెప్పించండి' అనేది. మీ మరిది ఐసుబండి దిగొస్తే స్నానం చేసేదాకా గుమ్మంలోనే నిలబెట్టేదాన్ని. నెల తిరక్కుండానే పెట్టె సర్దేశాను. నువ్వొచ్చి ఆ పెట్టె మీద కూర్చున్నావు."

"కూర్చున్నాను. మూత సొట్ట పడింది."

"'ఈ ఇంట్లో అందరి ముక్కులూ చచ్చాయి చెల్లీ, నాదైతే అందరికంటే ముందే చచ్చింది. నీదొక్కటే బతికుంది, అది నాకు కావాలి' అన్నావు."

"అన్నాను."

"ఆ మాటకే ఆగిపోయాను. నేను కావాలని ఎవరూ అనలేదక్కా అంతకుముందు. మా పుట్టింట్లో నలుగురు ఆడపిల్లల్లో మూడోదాన్ని, నన్ను పిలవాలంటే ముందు ఇద్దరి పేర్లు పిలిచి తర్వాత నా పేరు పిలిచేవాళ్ళు. ఇక్కడ నా మాట లేకుండా ఒక్క సీసా గడప దాటదు. అత్తయ్యే 'చిన్నదాన్ని పిలవండి, అది చూస్తే గానీ తేలదు' అనడం మొదలుపెట్టింది. బావగారు నాకోసం ఆ ఎత్తు స్టూలు చేయించారు. ముక్కు పోయిందంటే ఇంకేముంది నా దగ్గర? మళ్ళీ పల్లకీ అంటారు. అంతకంటే, నువ్వేమంటావోనని భయం."

"మరి ఇన్నాళ్ళూ ఎలా చెప్పావు? మొన్నటి వాయి నురగ తీసి మళ్ళీ బొగ్గులో వడకట్టమన్నావు. నిజంగానే వడకట్టాల్సిన వాయి అది. ఎలా తెలిసింది?"

"నీ మొహం చూసి."

"నా మొహమా?"

"మూత తీసినప్పుడు నీ మొహం చూస్తాను. నువ్వు చేసినదాని మీద నీకు నమ్మకముంటే మొహం విప్పారుతుంది, బాగుందంటాను. కనుబొమ్మ ముడిచావంటే నీకే ఏదో అనుమానం ఉందన్నమాట. మళ్ళీ వడకట్టమంటాను. ఒక్కసారి కూడా తప్పు పోలేదు."

"ఓసి గడుసుదానా!"

"కానీ నిన్న నువ్వు లేవు. సీసాల కోసం బజారుకి వెళ్ళావు. నేను మూత తీశాను, ముక్కు పెట్టాను, ఏమీ లేదు. చూడ్డానికి నీ మొహం కూడా లేదు. అది బాగుందో కుళ్ళిందో నాకు తెలీదు. నువ్వు రాగానే ఎలా ఉందే అంటే, బాగుందక్కా అనేశాను. నోట్లోంచి వచ్చేసింది."

"అలాగా."

"అలాగా అంటావేంటి! ఆవిడ వచ్చేస్తుంది! పారబోద్దాం అక్కా."

"పారబోసి ఆవిడకి ఏం పోస్తాం, కుళాయి నీళ్ళా?"

"రేపు రమ్మందాం. కరెంటు పోయిందని చెబుదాం. నాకు కడుపునొప్పి అని చెబుదాం."

"నీ కడుపునొప్పికి ఆవిడెందుకు ఆగుతుంది? ఇన్ని నెలలు తిరిగితే ఒప్పుకుంది. మళ్ళీ రమ్మంటే రాదు."

"అయితే నువ్వే ఒకసారి వాసన చూడు పోనీ!"

"నేనా? నాది అందరికంటే ముందే చచ్చిందని ఇప్పుడేగా గుర్తుచేశావు."

"అక్కా, నీకు భయం లేదా? రెండేళ్ళ నీ కష్టం! నేను గంగలో కలిపేస్తున్నాను, నువ్వు గ్లాసులు తుడుస్తున్నావు!"

"ఓసి పిచ్చిదానా, కాస్త ఊపిరి పీల్చుకుని నే చెప్పేది విను..."

"ఎవరండీ లోపల? ఈ గదేనా?"

వచ్చినావిడ చెప్పులు విప్పాలా వద్దా అని గుమ్మంలో కాసేపు తటపటాయించింది. తడి నేల చూసి, విప్పకుండానే లోపలికి వచ్చింది.

"రండి డాక్టరమ్మా, రండి. ఇలా కూర్చోండి."

"నేను డాక్టర్ని కాదండీ. వార్డుల్లో ఎవరేం తినాలో, ఏం తాగాలో చూసేదాన్ని. బాబోయ్, ఆ షెడ్డు మీదుగా ఊపిరి బిగబట్టుకుని వచ్చాను."

"అమ్మా, ముందు మంచినీళ్ళు తాగండి. టీ పెడతాను. పైకి వెళ్దాం, పైన ఫ్యానుంది. మాట్లాడుకుందాం, ఇంకో రోజు తీరిగ్గా..."

"నాకంత తీరిక లేదమ్మా. ఈవిడెవరు?"

"నా తోడికోడలండీ. కాస్త కంగారు మనిషి."

"సరే. ముందే చెప్తున్నాను, ఏమీ అనుకోవద్దు. మా వార్డుల్లో పాలు అరగనివాళ్ళున్నారు, పళ్ళు లేనివాళ్ళున్నారు. డబ్బాల్లో వచ్చే పొడులు అందరూ కొనలేరు. మీది నిజంగా బాగుంటే తీసుకోవాలనే నాకూ ఉంది. కానీ చేప వాసన ఏమాత్రం తగిలినా కుదరదు. మంచం మీదున్నవాళ్ళు కదా, ఒకరు కక్కితే వార్డంతా కక్కుతుంది. ఏం వేస్తారు ఇందులో?"

"తోళ్ళు, ముళ్ళు, తలకాయలండీ. కోసినవాళ్ళు పారేసేవే. దాపరికం ఏమీ లేదు."

"పారేసేవా?"

"పారేసేవే గానీ, పాడైనవి కావు. ఆ చేప ముక్క మీ ఇంటికి వచ్చేలోపే దాని ముల్లు నా గిన్నెలో ఉంటుంది. మొప్పలూ పేగులూ రానివ్వం. వెన్నుముల్లు కింద నెత్తుటి గీత ఉంటుంది, గోకేస్తాం. పొట్టలోపలి నల్లపొర ఊడదీస్తాం. వాసనంతా ఆ రెంటి దగ్గరే. తర్వాత చల్లటి నీళ్ళతో కడిగి, పచ్చి బొప్పాయికాయ కారే పాలని ఎండబెట్టి చేసిన పొడి వేసి సన్నటి సెగ మీద ఉంచితే, ముల్లు నుంచి సారం విడిపోతుంది. గట్టిగా మరిగించి, పైకి తేలిన నూనె తీసేసి, గుడ్డలో ఒకసారి, బొగ్గులో ఒకసారి వడకడతాం. చివర్న అల్లం, నిమ్మకాయ, ఉప్పు."

"బాగా చెప్పారు. పొయ్యండి మరి."

"అక్కా, వద్దు."

"ఇదిగోనండి."

"అక్కా!"

"ఏమైందమ్మా నీకు? చెయ్యి వదులు, ఒలుకుతుంది."

"తాగకండి! అమ్మా, దండం పెడతాను, తాగకండి!"

"తాగేశానే."

"కక్కేయండి!"

"చెల్లీ!"

"నువ్వాగక్కా. చెప్పాల్సిందే. అమ్మా, దీన్ని వాసన చూసి ఇవ్వాల్సింది నేను. నాకు వాసన తెలీదు. తెలుస్తుందని అబద్ధం చెప్పాను. చూడకుండానే బాగుందన్నాను. తప్పంతా నాది. అక్క చేసే పద్ధతిలో ఏ లోపమూ లేదు. ఇంకొక్క అవకాశం ఇవ్వండి, ఇంకో వాయి కాస్తుంది. నన్ను ఈ గదిలోకి రానివ్వకుండా కాస్తుంది. ఈ ఒక్క గ్లాసు చూసి తీసేయకండి."

"ఒక్క నిమిషం. ఏడవకు. ఏదీ, ఇంకో గుక్క తాగనీ."

"వద్దమ్మా..."

"ఊఁ."

"చెప్పండి డాక్టరమ్మా."

"డాక్టర్ని కాదన్నానా. ఇది చేపేనా అసలు?"

"చేపేనండి."

"నాకైతే వాసనేమీ లేదు. ఆ షెడ్డులోంచి వచ్చాక ఈ గ్లాసే హాయిగా ఉంది. అల్లం కాస్త ఎక్కువైంది, తగ్గించండి. ఉప్పు కూడా సగానికి సగం తగ్గాలి, రక్తపోటు ఉన్నవాళ్ళుంటారు. ఇంకో సగం గ్లాసు పొయ్యండి."

"అక్కా, బాగుందంటోంది!"

"విన్నాను."

"బాగుందంటోందక్కా!"

"నా భుజం వదలవే, విరుగుతుంది."

"నాలుగు సీసాలు నాతో ఇవ్వండి, ల్యాబుకి పంపిస్తాను. అందులో బలమెంత, క్రిములున్నాయా లేవా, వాళ్ళు చెప్తారు. అక్కడ సరే అంటే వచ్చే నెల నుంచి ఒక వార్డుకి మొదలుపెడదాం. కానీ వాసన సంగతి ల్యాబు మీద పెట్టుకుంటే రోజూ కుదరదు. దానికి మనిషే కావాలి. ఇప్పుడీ అమ్మాయి తనకి తెలీదంటోంది. మరి రోజూ చూసేదెవరు?"

"మా ఇంట్లో ఒక ముక్కు ఉందండి."

"ఈ అమ్మాయిది కాదుగా?"

"కాదండి."

"నమ్మొచ్చా?"

"నమ్మొచ్చు."

"చూడండి, రోగులతో వ్యవహారం. ఆ మనిషి చూడకుండా ఒక్క సీసా కూడా నా దగ్గరికి రాకూడదు."

"రాదండి. నా మాట."

"సరే, వెళ్ళొస్తాను. ఏమ్మాయ్, కళ్ళు తుడుచుకో. అలా అడ్డం పడి నిజం చెప్పేవాళ్ళు మా ఆసుపత్రిలో కూడా లేరు."

"పడిపోతారు, తడిగా ఉంది. ఆ గోడ పక్కగా వెళ్ళండి అమ్మా. అదిగో, అలా."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"అక్కా, గెలిచావు! ఏ దేవుడు కాపాడాడో, ఆ వాయి దానంతటదే బాగా కుదిరింది. కానీ నువ్వు ఆవిడకి అబద్ధం చెప్పావు."

"ఏం చెప్పాను?"

"ముక్కు ఉందన్నావు. ఎవరిది? అత్తయ్యదా? మొన్న అన్నం మాడితే కొత్త బియ్యం వాసన బాగుందన్న మనిషి. బావగారిదా? ఆయన చేపలపెట్టెకి చేరగిలి పకోడీలు తింటారు. మీ మరిదిదా? ఐసుబండిలోనే నిద్రపోతాడు. మాస్టారి సంగతి ఇప్పుడే చూశాం. ఎవరూ లేరక్కా! రేపు ఒక వాయి పాడైతే, ఆ మంచాల మీద ఉన్నవాళ్ళు కక్కితే, అప్పుడేం చేస్తావు?"

"కూర్చో."

"కూర్చోను. ఆ స్టూలు మీద ఇక నేను కూర్చోను. రేపట్నుంచి నాకూ ఒక కత్తి ఇవ్వు, బల్ల దగ్గర నిలబడతాను. అత్తయ్యకి నేనే చెప్పుకుంటాను."

"అత్తయ్యకి ఏమీ చెప్పక్కర్లేదు. నువ్వు నా పక్కనే ఉంటావు, ఈ గదిలోనే. నాకు చెయ్యి సాయం కావాలి, మాట సాయం కావాలి. కూర్చోమన్నాను."

"ముందు ఎవరి ముక్కో చెప్పు. చెబితేనే కూర్చుంటాను."

"నిన్న నువ్వు బాగుందన్న వాయి సాయంత్రమే కాలవలో పారబోశానే పిల్లా, మూత తీస్తే నా ముక్కుకే గుమ్మం దాకా కంపు; ఇందాక ఆవిడ తాగింది, మీరంతా లేవకముందు నేను లేచి కాచింది."